బావ అద్దాల పెట్టెలో కొర్రమట్టలు

పోయిన నెల కరీంనగర్‌లో మా అక్క మనవడు కొత్త ఇల్లు కట్టుకున్నానని భోజనానికి పిలిస్తే వెళ్ళాను. హాల్లో అడుగుపెట్టగానే ఎదురుగా గోడ పొడుగునా ఒక అద్దాల తొట్టి, దాని లోపల నీలం దీపాలు, ఆ వెలుతురులో పళ్ళెమంత వెడల్పున, పొట్ట కింద ఎర్రగా, కింది దవడ ముందుకు పొడుచుకొచ్చిన అయిదు చేపలు ఒకే దిక్కుకు చూస్తూ కదలకుండా నిలబడి ఉన్నాయి. పిరానాలట. భోజనాలయ్యాక మనవడు ఒక ప్లాస్టిక్ సంచిలోంచి బంగారు రంగు చేపపిల్లల్ని నాలుగింటిని ఆ తొట్టిలోకి వంపాడు. వచ్చినవాళ్ళంతా సెల్‌ఫోన్లు పట్టుకుని ముందుకు వంగారు. ఆ చిన్న చేపలు ఒక మూలకు పోయి అద్దానికి అతుక్కుపోయాయి. మూడింటి సంగతి చూశాను, నాలుగోదాన్ని చూడలేక లేచాను.

"భయపడకు చిన్నమ్మమ్మా, అద్దం మందంగున్నది," అన్నాడు మనవడు నవ్వుతూ.

నాకు భయం లేదు. నాకు వచ్చింది కోపం. వాడు అక్కడితో ఊరుకున్నా నేను ఇంటికొచ్చి మాత్ర వేసుకుని పడుకునేదాన్ని. కానీ చుట్టాలకేసి తిరిగి, ఎంతో గొప్పగా, "ఈ షోకు మాకు తాత నుంచి వచ్చింది. అరవై ఏండ్ల కిందనే ఆసిఫాబాద్‌ల ఇంట్ల చేపల అద్దం పెట్టిండు మా తాత. గా జమానాల ఎవలకు తెలుసు గిదంత?" అన్నాడు. అందరూ ఔరా అన్నారు. ఆ తాత అంటే మా బావ. ఆ అద్దం సంగతి తెలిసినవాళ్ళలో ఇప్పుడు బతికి ఉన్నది నేనొక్కదాన్నే. ఎనభై దాటిన ఈ వయసులో కూడా నలుగురిలో నోరు పెగలదు నాకు. అందుకే ఇంటికొచ్చి ఈ కాగితాలు ముందేసుకున్నాను. నా ఈడు వాళ్ళు చదివితే వాళ్ళకైనా అర్థమవుతుంది, అరవై ఏళ్ళు గడిచినా చల్లారని కోపం ఒకటి ఉంటుందని.

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్ళయి ఉంటుంది. మాది కరీంనగర్ జిల్లాలో మగ్గాల ఊరు. మేము బాపు అని పిలిచే నాన్న మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే, అవ్వ అని పిలిచే అమ్మ అరుగు మీద నూలు కండెలు చుట్టేది, నేను ఆ చప్పుడు మధ్యలో ఎవరో ఒకరి దగ్గర అడిగి తెచ్చుకున్న పుస్తకం చదువుకునేదాన్ని. మా అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఆమె చిన్నప్పుడు మా ఊళ్ళో ఆడపిల్లలకు బడి లేదు, కాబట్టి ఆమెకు అక్షరం రాదు. నేను పుట్టి పెరిగేనాటికి బడి వచ్చింది, కాబట్టి నాకు వచ్చింది. అంతే తేడా, తెలివిలో ఆమె నాకంటే నాలుగాకులు ఎక్కువే. అక్కకు అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. మూడోసారి నెలలు నిండుతుండగా తోడుగా ఉండమని అవ్వ నన్ను ఆసిఫాబాద్ పంపించింది. వెళ్ళేముందు బాపు గీతల నోటుబుక్కు ఒకటి కొనిచ్చాడు, ఏమైనా రాసుకొమ్మని. ఎవరితోనూ మాట్లాడలేని పిల్ల కనీసం కాగితంతోనన్నా మాట్లాడుతుందని ఆయన ఉద్దేశం కావచ్చు. ఏ రోజుకారోజు రాసుకునే అలవాటు నాకు అట్లా అబ్బింది.

బావ ఒక సర్కారీ దఫ్తర్‌లో ఉద్యోగి. పెద్ద హోదా కాదు గానీ, అడవిలో కట్టె కొట్టాలన్నా వాగులో వల వెయ్యాలన్నా పేదవాళ్ళకు కావలసిన కాగితం ఆయన టేబుల్ మీదుగానే పోయేది, అందుకని ఊళ్ళో దొర దొర అనేవారు. ఆయనకు ఆ పిలుపు చాలా ఇష్టం. చదువంతా ఉర్దూలో సాగింది. తెలుగు మాట్లాడతాడే తప్ప చదవాలంటే వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. ఆ రోజుల్లో ఆయన ఈడు ఉద్యోగులు చాలామంది అంతే, అది తప్పని అనను. నాకు టీచరు ట్రైనింగులో సీటు ఇప్పిస్తానని ఆయన బాపుకు మాటిచ్చి ఉన్నాడు. ఇది కూడా ఇక్కడే చెప్పెయ్యాలి, ఎందుకంటే తరువాత నేను చేసిన పిరికిపనికి అదే కారణం.

ఆయన ఒకసారి హైదరాబాదులో ఏదో పెద్ద అధికారి బంగళాకు పోయి అక్కడ రంగు చేపల అద్దాల పెట్టె చూసి వచ్చాడు. తిరిగొచ్చిన వారంలోనే ఊళ్ళో వడ్రంగం చేసే వడ్లాయన్ని పిలిపించి టేకు చట్రం చేయించి, నాలుగు వైపులా అద్దాలు బిగించి, అడుగుకు రేకు వేయించి, సందుల్లో లప్పం పెట్టించి ముందు గదిలో బల్ల మీద పెట్టించాడు. నేనెళ్ళేసరికి అది అక్కడ ఉంది. రైల్లో డబ్బాలో తెప్పించిన రంగు చేపలు నాలుగు రోజులకే ఒకటొకటిగా తేలిపోయాయట. చూడొచ్చిన వాళ్ళ ముందు నామోషీ పడి, ఖాళీ పెట్టె పెట్టుకోలేక, ఊళ్ళో దొరికే కొర్రమట్ట పిల్లల్ని నాలుగింటిని తెచ్చి పడేశాడు. కోస్తా వైపు వాళ్ళు కొర్రమీను అంటారే, అదే. జానెడు పొడుగున్న ఆ చేపలు చిన్న పరక చేపల్నీ, చిన్న కప్పల్నీ ప్రాణంతో వేస్తే తప్ప ముట్టవని ఆయనకు తెలిసిన రోజు నుంచి ఇంట్లో కొత్త వినోదం మొదలైంది.

సాయంత్రం దఫ్తర్ మూసే వేళకు నాలుగు కుర్చీలు వేసేవారు. చాయ్ రావడానికి ముందొకటి, వచ్చాక ఒకటి, కప్పలు పెట్టెలో పడేవి. ఏది ముందు పట్టుకుంటుందో పందెం. కప్ప అద్దం మీదికి ఎగబాకి జారిపడుతుంటే నవ్వులు. చాయ్ పళ్ళెం మోసుకొచ్చేది నేను. కుర్చీల మధ్య నుంచి పోయి, పళ్ళెం పెట్టి, తల ఎత్తకుండా తిరిగి వచ్చేదాన్ని. తిండి కోసం చేప కప్పను తినడంలో వింతేమీ లేదు, నేనూ చేపల కూర తిన్నదాన్నే. ఆకలిని తమాషా చేసి కుర్చీలు వేసుకోవడమే నాకు సహించేది కాదు.

మా ఇంటికి చేపలు తెచ్చే ఒక బెస్త ఆమె ఉండేది. పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆ ఊళ్ళో నేను నోరు విప్పి మాట్లాడింది ఆమెతోనే, అదీ ఎందుకంటే ఆమె నన్ను ఏమీ అడిగేది కాదు. గంప దించి, కత్తిపీట ముందు కూర్చుని, చేప తోముతూ తన పాటికి తాను చెప్పుకుపోయేది. ఒకరోజు ముందు గదిలోకి తొంగి చూసి ఆ పెట్టెను చాలాసేపు చూసింది.

"ఆకలైనోని ముంగట బువ్వ వెట్టి, సూడుండ్రి ఎట్ల తింటుండో అని నలుగుర్ని పిలిచినట్టున్నది బిడ్డా మీ బావ యవ్వారం," అంది వెనక్కి వచ్చి.

నేను అన్నాను, ఆ చేపలను చూస్తే నాకు అసహ్యం వేస్తుందని. ఆమెకు కోపం వచ్చింది, నా మీదనే.

"దానికేం రోగం, అసహ్యపడనీకి? పిల్లలున్నప్పుడు సూడాలె దాన్ని. అద్దంల ఏం తెలుస్తది. మిరుగు ఎల్లినంక నేను సూపిస్త పా."

మృగశిర కార్తె వెళ్ళి రెండు వానలు పడ్డాక, అక్కకు వండిపెట్టి పడుకోబెట్టి, ఒక మధ్యాహ్నం పెద్దమ్మ వెంట వెళ్ళాను. ఊరు దాటి, వాగు వెంట చాలా దూరం నడిచాక, రాళ్ళ మధ్య నీళ్ళు నిలిచిన ఒక మడుగు దగ్గర ఆమె నా భుజం నొక్కి కూర్చోబెట్టింది. కాసేపటికి నీటి మీద ఒకచోట ఎసరు మరిగినట్టు బుడబుడమంది. చూస్తే ఎర్రటి చేపపిల్లలు, మిరపగింజంత ఉన్నవి, వందలు, ఒక్క ముద్దగా పైకొచ్చి గాలి తాగి మళ్ళీ కిందికి పోతున్నాయి. ఆ ముద్ద కిందనే రెండు పెద్ద కొర్రమట్టలు, మూరెడు పైన ఉంటాయి, ఒకటి ఇటు ఒకటి అటు. దగ్గరికొచ్చిన ఏదో చేపను ఒకటి తరిమి వచ్చి మళ్ళీ తన చోట నిలబడింది. నెల రోజుల దాకా ఆ రెండూ పిల్లల్ని విడిచిపోవట. అప్పుడు వల వేస్తే పెద్దవి రెండు దొరుకుతాయి గానీ పిల్లలన్నీ మిగతా చేపల పాలవుతాయి, మరుసటి ఏడు వాగులో కొర్రమట్ట ఉండదు. అందుకని బెస్తవాళ్ళల్లో ఒక కట్టుబాటు ఉంది: పిల్లలతో ఉన్న జంటను ముందుగా చూసినవాళ్ళు ఆ చోటు ఎవరికీ చెప్పకూడదు, వల పట్టే సొంత మనిషికైనా సరే.

"మా ఇంటాయనకు గూడ చెప్పలే," అంది పెద్దమ్మ. "పిల్లలు నల్లవడి చెదిరిపొయ్యేదాక నోట్లెనే ఉండాలె. నువ్వు నోరున్న పిల్లవు కాదని తోలుకచ్చిన. ఎవ్వలకు చెప్పవు గద?"

చెప్పను పెద్దమ్మా అన్నాను. చెప్పలేదు కూడా. అక్కకు సైతం చెప్పలేదు. ఇంటికొచ్చి నోటుబుక్కులో రాశాను.

ఆ పేజీలు రాస్తున్నప్పుడు నాకెంత గర్వంగా ఉండిందో ఇప్పటికీ గుర్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే రోత. అంతవరకూ నేను రాసిందంతా ఇంటి మీద బెంగ, ఎండ, చదివిన కథల మీద అభిప్రాయాలు. మొదటిసారి నా కళ్ళతో చూసిన సంగతి ఒకటి దొరికింది. ఏదీ వదల్లేదు. వాగు ఎక్కడ వంగుతుందో, మద్ది చెట్టు నీడ ఏ రాయి మీద పడుతుందో, ఆ రాయి నుంచి ఎన్ని అడుగుల్లో మడుగో అన్నీ రాశాను. చాలదన్నట్టు పక్కన దారి బొమ్మ కూడా గీశాను. పెద్దమ్మకు మాటిచ్చిన పిల్ల, మాట నోటితో మాత్రమే ఇచ్చాననుకుంది. కాగితం మీద పడిన మాటకు కాళ్ళుంటాయని చదువుకున్న నాకు తెలియలేదు.

నా రాతలంటే అక్కకు ఒక మురిపెం. నా చెల్లె ఏం రాస్తదో ఏమో, గంటలు గంటలు రాస్తది అని ఇరుగుపొరుగుకు చెప్పేది. అందులో ఏముందో వినాలని ఆమెకు ఆశ. నన్ను అడిగితే నేను సిగ్గుపడి ముడుచుకుపోయేదాన్ని. అందుకని ఒక సాయంత్రం నా పెట్టెలో చీరల కింది నుంచి ఆ పుస్తకం తీసి, జర చదివి వినిపించుమని మొగుడి చేతికిచ్చింది. నేను వంటింట్లో చాయ్ కాస్తున్నాను. పళ్ళెం తీసుకుని ముందు గది గుమ్మం దాకా వచ్చేసరికి నా వాక్యాలు నాకే వినిపించాయి.

"మ... ద్ది... చెట్టు నీడ... నీ... నీటి మీద... పరు... చుకొని..." బావ వేలు పెట్టి చదువుతున్నాడు. "అరె వా, ఏం తెలుగురా నాయనా ఇది. మా మరదలు పంతులమ్మ గాకముందే పండితురాలైంది."

కుర్చీల్లో వాళ్ళు పడీపడీ నవ్వారు. అక్క తలుపు చాటున నిలబడి, వాళ్ళు మెచ్చుకుంటున్నారనుకుని తానూ నవ్వుతోంది. నా మొహం చూశాక ఆమె నవ్వు ఆగింది. వచ్చినవాళ్ళలో ఒకాయన, ఇంతకూ జాగ యాడనో రాసిందా అని అడిగాడు.

"రాసుడేంది, నక్ష గూడ గీసింది," అన్నాడు బావ. నా వైపు తిరిగి, "పిల్లల కొర్రమట్టలా? అసలు సంగతి ఇన్నొద్దులు దాచినవా పిల్లా, షాబాష్," అని చాయ్ అందుకున్నాడు.

 పళ్ళెం బల్ల మీద పెట్టి లోపలికి వచ్చాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నా చెవులు వేడెక్కుతున్నాయి.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ భర్తకు కబురు పోయింది. ఆయన మా వాకిట్లో తలగుడ్డ తీసి చేత పట్టుకుని నిలబడ్డాడు. మడుగు చోటు బావ నోటి నుంచి విన్నప్పుడు ఆయన కళ్ళు ఒక్కసారి నా మీదికి తిరిగి మళ్ళీ కిందికి దిగాయి. తన భార్య దాచిన చోటు దొరకు ఎట్లా చేరిందో ఆయనకు అర్థమైంది.

"పిల్లలతోని ఉన్నయి దొరా. ఒక్క నెల ఆగుండ్రి, నేనే తెచ్చిస్త."

"నెలకు పిల్లలుంటయారా? నాక్కావల్సిందే పిల్లలతోని. మీ వాగు కాయిదం నా టేబుల్ మీదనే ఉన్నది, యాదున్నదా?"

మధ్యాహ్నానికి జంట వచ్చింది, పిల్లలతో సహా, గంగాళంలో. పెట్టెలో ఉన్న నాలుగు చేపలు ఆ రాత్రి కూరయ్యాయి. పెద్దమ్మ భర్త పోతూ పోతూ, నీళ్ళ పైన జానెడు జాగ విడిచి, గాలి ఆడేటట్టు వల కట్టమని చెప్పాడు. కొర్రమట్ట మిగతా చేపల్లాంటిది కాదు, నీళ్ళలో ఉన్నా మాటిమాటికీ పైకొచ్చి గాలి తాగాలి, లేకుంటే చస్తుంది.

"చేప నీళ్ళల్ల మునిగి సస్తదారా? నాకు చెప్పొచ్చినవ్," అన్నాడు బావ. ఆ మాట చాలారోజులు మా ఇంటికొచ్చేవాళ్ళకు నవ్వులాటయింది.

అయినా మొదట జాగ ఉంచాడు, వల కట్టాడు. మూడు రోజులు కుర్చీలు నాలుగు నుంచి ఎనిమిదయ్యాయి. ఎవరైనా అద్దానికి వేలు ఆనిస్తే చాలు, ఆ మూరెడు చేప వచ్చి దాన్ని పొడిచేది, తన పిల్లల్ని కాపాడుకోవాలని. ఠప్పుమని చప్పుడు, వెంటనే నవ్వులు. అది మూతి పగిలేలా పొడిచింది, వాళ్ళు వేలు తీయలేదు. అక్క మాత్రం వాళ్ళు పోయాక వచ్చి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఆ ఎర్రటి పిల్లల ముద్దను చూస్తూ నిలబడేది.   పెద్దమ్మ మా ఇంటికి రావడం మానేసింది. ఆ రెండు చేపలు, ఆ పిల్లలు నెల గడిచేదాకా బతికి మళ్ళీ నీళ్ళలో పడతాయా అన్నదొక్కటే నాకు పగలంతా ఆలోచన. పుస్తకం తెరిచినా అక్షరాలు కనిపించేవి కావు.

నాలుగో రోజు సాయంత్రం పెద్ద చేప ఒకటి వలను తోసుకుని ఎగిరి, ఒక పెద్దమనిషి ఒళ్ళో పడింది. ఆయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ఈసారి నవ్వులన్నీ బావ మీదికి మళ్ళాయి, అది ఆయన ఓర్చుకోలేడు. అప్పటికప్పుడు మందపు అద్దం తెప్పించి మూతగా వేయించాడు, దాని మీద ఇటుక పెట్టించాడు. జాగ ఉంటేనే గదా ఎగిరేది అని మర్నాడు పొద్దున నీళ్ళు అంచుదాకా నింపించాడు. నిండుగా ఉంటేనే అందమని కూడా అన్నాడు. ఆ వెంటనే జైనూర్ వైపు క్యాంపుకు పోవలసి ఉండి, మూత ముట్టొద్దని మాకిద్దరికీ చెప్పి జీపెక్కాడు.

జీపు పోయిన కాసేపటికి చప్పుడు మొదలైంది. మొదట ఎక్కడో తలుపు కొట్టినట్టు అనిపించింది. వెళ్ళి చూస్తే ఆ రెండు చేపలు వంతులేసుకుని పైకొచ్చి మూతకు మూతి ఆనించి, నోరు తెరిచి, గాలి దొరక్క దిగిపోతున్నాయి. మళ్ళీ పైకి. మళ్ళీ టప్పుమని. నాకు తెలుసు ఎందుకో. ఆ మనిషి చెప్పింది నా చెవులతో విన్నాను. ఇటుక బరువెంత? రెండు చేతులు పెడితే లేచేదే. నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. బావ ఏమంటాడో అనుకున్నాను, ట్రైనింగు సీటు అనుకున్నాను, ఆడపిల్లను, చుట్టపుచూపుగా వచ్చినదాన్ని, నాకెందుకనుకున్నాను. చప్పుడు మధ్య ఎడం పెరుగుతూ పోయింది. బావ మీద నా కోపం పెద్దదే, కానీ ఆ మూడు గంటల మీద నాకున్న కోపం దానికంటే పెద్దది.

భోజనం చేసి పడుకున్న అక్క లేచొచ్చింది.

"ఏందే గా చప్పుడు?"

"ఊపిరాడక కొట్టుకుంటున్నయక్కా."

"మరి సూసుకుంట కూసున్నవా?" అంది. అంతే అంది. ఆమె గొంతు పెంచలేదు.

ఇటుక తీశాను. మూత జరిపాను. ఒకటి అప్పటికే వెల్లకిలా తేలింది. రెండోది ఒక మూల నుంచి మెల్లగా పైకొచ్చి, నోరు నీటి పైకి పెట్టి, గుక్కెడు గాలి తాగి, పిల్లల ముద్ద కిందికి తిరిగి పోయింది. అక్క లోపలికి వెళ్ళి తన పెళ్ళి నాటి ఇత్తడి బిందె తెచ్చి నా ముందు పెట్టింది. పలచటి పాత చీర చింపిచ్చింది. బిందె సగానికి నింపి, పిల్లల్ని గుడ్డతో తోడి, పెద్దదాన్ని గోనెసంచిలో పట్టి దించి, బిందె మూతికి గుడ్డ కట్టి చంకనెత్తుకున్నాను. చచ్చిన చేపను ఏం చెయ్యాలో తెలియక అదీ ఒక ఆకులో చుట్టి కొంగున కట్టుకున్నాను. ఇంటి నుంచి ఒంటరిగా వీధిలోకి నడవడమే ఎరగని నేను, నడి మధ్యాహ్నం, ఊరి మధ్య నుంచి, నీళ్ళు కారుతున్న బిందెతో బెస్తవాడ దాకా వెళ్ళాను. ఎవరు చూశారో నాకు తెలియదు.

పెద్దమ్మ వాకిట్లో వల బాగుచేస్తోంది. లేవలేదు, కూర్చోమనలేదు. బిందె మీది గుడ్డ తీసి చూసింది. నా కొంగు మూట విప్పి చూసింది.

"ఆడది సచ్చింది," అంది. "మొగది గూడ కాస్తది పిల్లల్ని." బిందె నా చంకలోంచి తన చంకలోకి మార్చుకుని నడిచింది. నేను వెనక నడిచాను.  మడుగు దగ్గర మోకాళ్ళ లోతు దిగి, బిందెను వంచి, నీళ్ళు నీళ్ళలో కలిసేదాకా పట్టుకుంది. పెద్దది బాణంలా రాతి కిందికి పోయింది. పిల్లలు చెల్లాచెదురయ్యాయి. చాలాసేపు కూర్చున్నాం. చివరికి రాతి పక్కన నీటి మీద ఎర్రగా ఒక చిన్న మచ్చ కట్టింది. ముందు చూసినదాంట్లో సగం కూడా లేదు. దాని కింద నీడ ఒకటి కదిలింది, లేదా నేనట్లా అనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ బిందె నా చేతికిస్తూ పెద్దమ్మ అడిగింది. కోప్పడుతున్నట్టు కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

"రాసుడంటె చెప్పుడు కాదనుకున్నవా బిడ్డా?"

ఆ తరువాత ఆమె నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

రెండు రోజులకు బావ వచ్చాడు. జీపు దిగగానే పెట్టె దగ్గరికే పోయాడు. ఎవలు తీసిన్రు అన్న కేక వీధిలోకి వినిపించి ఉంటుంది. నేనే తీసిన బావా అన్నాను. ఆయనతో నేను తలెత్తి అన్న మొదటి మాట అదే. తరువాత మాట అక్కది. బిందె ఇచ్చింది నేను, అంది. ఆయన నా నోటుబుక్కు తీసుకుపోయి నీళ్ళ కాగు కింద పొయ్యిలో పెట్టాడు. అది కాలుతుంటే నాకు ఏడుపు రాలేదు, ఆ బొమ్మ గీసిన పేజీ కూడా కాలిపోతుందని ఒక నిమ్మళం కలిగింది. ట్రైనింగు సీటు మాట మళ్ళీ ఎత్తలేదు. రెండేళ్ళ తరువాత ఎవరి సిఫారసూ లేకుండా నాకు నేనే తెచ్చుకున్నాను.

అక్క ఆ వారంలోనే పెట్టెలో నీళ్ళు తోడించి, అడుగున వరిగడ్డి పరిచి, పొదిగిన కోడినీ పిల్లల్నీ అందులో పెట్టింది. ముందు గదిలోనే, ఆ కుర్చీల ముందరే. ఇదేంది అని బావ అడిగితే, అద్దాల పెట్టె గదా, పిల్లలకు మంచిగ ఎల్తురస్తది అంది. ఆయన తీయించలేకపోయాడు. శ్రావణంలో అక్కకు ఆడపిల్ల పుట్టింది, నిలిచింది. ఆ పిల్ల కొడుకే ఇప్పుడు పిరానాలు పెంచుతున్నవాడు.

మొన్న వాడు మందులు ఇవ్వడానికి వస్తే కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. మధ్యలో ఒకసారి ఫోను మోగితే కట్టేశాడు. అయిపోయాక, "మా అమ్మమ్మ గట్లనా?" అన్నాడు. తాత మాట ఎత్తలేదు. పోతూ పోతూ చెప్పులేసుకుంటూ, "గా మడుగు యాడుంటుండె చిన్నమ్మమ్మా? ఒకసారి కార్ల పోయి చూసొద్దాం, ఫోటో తీసుకుందాం," అన్నాడు.

మర్చిపోయిన బిడ్డా అన్నాను.

మర్చిపోలేదు. చాలా ఏళ్ళ కిందట ఒక పెళ్ళికని అటు వెళ్ళినప్పుడు చూసి వచ్చాను. పైన కట్ట పడింది, వాగు సన్నబడింది, మద్ది చెట్టు లేదు, రాయి లేదు, మడుగు ఉన్నచోట ఇసుక తవ్విన గుంతలున్నాయి. ఇప్పుడు ఎవరికి చెప్పినా పోయేదేమీ లేదు. అప్పట్లో ఒక నెల నోరు మూసుకుంటే వాగులో మరుసటి ఏటికి చేప మిగిలేది. ఇప్పుడు కంటపడిన ప్రతిదాన్నీ నలుగురికి చూపించనిదే మనకు తోచదు, చూపించాక అది మిగిలిందో లేదో వెనక్కి తిరిగి చూసేవాళ్ళు లేరు. మా మనవడు చెడ్డవాడు కాదు. ఆ చేపలను దుకాణంలో తిరిగి ఇచ్చేస్తానన్నాడు, ఇస్తాడో లేదో నాకు తెలియదు.

ఆసిఫాబాద్ చుట్టూ వాగులకు కొదవలేదు. ఇంతా రాశాక, ఈ కాగితాల్లో ఎక్కడైనా ఆ వాగు పేరు పడిందేమోనని మొదటి నుంచి రెండుసార్లు చదువుకున్నాను. పడలేదు.